డెల్మర్ గుండు పందెం

"ఆ నారింజ చొక్కా తొడుక్కుని శనివారం గ్యాలరీలో కూర్చున్నావంటే, రాత్రి తిండి కూడా అక్కడే తిను!"

"నలభై ఏళ్ళుగా మన జట్టు మొదటి ఆటకి అదే చొక్కా కదా వెర్నా..."

"ఈసారి అవతల ఆడేది నీ మనవడు! గుర్తుందా, లేక చెమటతోపాటు అదీ కారిపోయిందా?"

బార్బరు షాపు గుమ్మంలోనే జారెడ్ ఆగిపోయాడు. వెనక గదిలో మొగుడూ పెళ్ళాల గొడవ. బెంచీ మీదివాళ్ళంతా పత్రికలు తిరగేస్తున్నట్టు నటిస్తూ ఒక్క మాట వదలకుండా వింటున్నారు.

కాసేపటికి డెల్మర్ ప్రూయిట్ బయటికొచ్చాడు. డెబ్బై దాటినా తలనిండా వెండి జుట్టు. కేన్ క్రీక్ ఊరికంతా ఏకైక బార్బరు. తన జుట్టే షాపుకి బోర్డని చెప్పుకుంటాడు, రోజుకి పదిసార్లు అద్దంలో ఆ బోర్డు సరిచూసుకుంటాడు. జారెడ్ కాలేజీ మానేసి టైర్ల షాపులో చేరినప్పుడు ఎందుకు మానేశావని ఊరంతా నిలదీసింది. డెల్మర్ మాత్రం, "జుట్టు బాగా పెరిగింది, కూర్చో" అన్నాడు. అప్పట్నుంచీ పని లేకపోయినా జారెడ్ ఇక్కడికొచ్చి కూర్చుంటాడు.

అలబామాలో ఆటల మీద డబ్బు కాయడం చట్టానికి పడదు, చర్చికి అసలే పడదు. అందుకని ఈ ఊరివాళ్ళు జుట్టు కాస్తారు. బంతి చేత పట్టుకుని దూసుకుపోయే కాలేజీ ఫుట్‌బాల్ సీజను మొదటి ఆటకి ముందు గురువారం, ఆట ఎలా సాగుతుందో డెల్మర్ లెక్క చెబుతాడు. విన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా జతపడి పందెం వేసుకుంటారు. ఓడినవాడికి ఆదివారం చర్చి అయ్యాక ఇక్కడే గుండు. గీసేది డెల్మర్ కాదు, గెలిచినవాడు. సెప్టెంబరు వచ్చిందంటే ఊళ్ళో సగం తలలు ఎలకలు కొరికినట్టుంటాయి.

ఈసారి ఊరి కాలేజీతో ఆడబోయేది కొండల్లోని చిన్న కాలేజీ, బ్రాస్‌ఫీల్డ్. ఊరి జట్టు గెలుస్తుందా అన్నది ఎవరూ అడగని సంగతి. ఎంత తేడాతో అన్నదే పందెం. వేగాస్ పందేలవాళ్ళు ముప్ఫై ఒక్క పాయింట్లన్నారు. తేడా అంతకు మించితే ఊరి జట్టు మీద కాసినవాడు గెలిచినట్టు, మించకపోతే బ్రాస్‌ఫీల్డ్ మీద కాసినవాడు. ఆ బ్రాస్‌ఫీల్డ్ ముందు వరసలో అరవై నాలుగో నంబరు కోల్బీ, డెల్మర్ కూతురి కొడుకు. ఈ షాపులో పత్రికల దొంతర మీద నిద్రపోయి పెరిగినవాడు. పొట్టివాడని ఊరి కాలేజీ వద్దంటే అక్కడికెళ్ళాడు.

డెల్మర్ గిరాకీల కుర్చీలో తనే కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. లెక్క చెప్పేది అలాగే.

"పోయినేడాది ఆట చూసి ఈయేడు కాసేవాడు ఇప్పుడే గుండు గీయించుకుంటే పని తప్పుతుంది. మనవాళ్ళ బంతి విసిరే కుర్రాడు కొత్త. ఆగస్టంతా కంచె పక్కన కూర్చుని వాడి ప్రాక్టీసు చూశా. పక్కనుంచి ఎవడైనా మీదికొస్తే చూపు దించేస్తాడు. మొదటి సగం తడబడతాడు."

"అయితే బ్రాస్‌ఫీల్డ్ మీద కాయమంటావా?" అన్నాడు పోస్టుమ్యాన్ హోయ్ట్.

"మొత్తం వినవయ్యా, ఉత్తరాలు కూడా ఇలాగే సగం సగం పంచుతావా? ఆట మిట్టమధ్యాహ్నం. ముందు వరసకి మనకి మార్చి మార్చి దింపే మనుషులున్నారు. వాళ్ళకి ఉన్నవాళ్ళే దిక్కు. నాలుగు భాగాల్లో మూడోదాని దాకా నిలబడతారు. ఆ తర్వాత..." డెల్మర్ కుర్చీ చేతి మీద పడ్డ వెంట్రుకలు దులిపాడు. "ఆ తర్వాత వంగి అడ్డుకోవాల్సింది పోయి అరవై నాలుగు నడుం ఎత్తేస్తాడు. అలిసిపోతే వాడికి చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. ఆ సందులోంచి మనవాళ్ళు దూరిపోతారు. ముప్ఫై ఒకటి దాటుతుంది."

వెనక గది గుమ్మంలో నిలబడిన వెర్నా చప్పున వెనక్కి తిరిగింది. తలుపు వేసుకుంది, అంతే.

"నేను మన జట్టు మీద కాస్తున్నా. బ్రాస్‌ఫీల్డ్ మీద ఎవరు?" అన్నాడు జారెడ్. అలాంటి విషయాలు కాస్త ఆగి అడగాలని అతనికి తెలీదు.

డెల్మర్ లెక్క విన్నాక తల పోగొట్టుకునేదెవరు? హోయ్ట్ పైకప్పు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది.

"నేను," అన్నాడు డెల్మర్.

"మీరా! లెక్క చెప్పేవాడు కాయకూడదని రూలు పెట్టింది మీరే కదండీ?"

"పెట్టింది నేనేగా, నేనే తీసేస్తున్నా."

"ఓడిపోతారని ఇప్పుడే మీరే చెప్పారు!"

"చెప్పాను. అయితే ఏంటట? వాడి వైపు ఈ ఊళ్ళో ఒక్క తలైనా లేకపోతే ఎలారా?"

శనివారం డెల్మర్ వెర్నా ఇచ్చిన బ్రాస్‌ఫీల్డ్ నీలం చొక్కా తొడుక్కుని, నెత్తిన ఊరి జట్టు నారింజ టోపీ పెట్టుకుని వచ్చాడు. రెండు జట్లవాళ్ళూ నవ్వారు. బంతి ఎటుపోయినా ఆయన చూడలేదు. అరవై నాలుగు నడుమునే చూస్తూ ఉడకబెట్టిన పల్లీలు తొక్కతో సహా నమిలేశాడు. సగం ఆటకి తేడా పదే. వెర్నా మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి, "ఏదీ నీ లెక్క?" అంది. ఆయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

నాలుగో భాగానికి ఎండ అందరినీ పీల్చేసింది. ఊరి జట్టులో కొత్తగా దిగినవాడు కోల్బీ కంటే తలంత పొడుగు. కోల్బీ నడుం కొంచెం లేచింది. ఇంకొంచెం లేచింది.

"వంగు! కోల్బీ, వంగరా!" గ్యాలరీ అదిరేలా అరిచాడు జారెడ్. తను కాసింది ఏ జట్టు మీదో అతనికి ఆ క్షణం గుర్తు లేదు.

కోల్బీ వెల్లకిలా పడ్డాడు. ఆ సందులోంచే ఊరి జట్టు ఆఖరిసారి దూరింది. తేడా ముప్ఫై నాలుగు. చుట్టూ జనం గంతులేస్తుంటే డెల్మర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెర్నా ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆదివారం షాపు నిండిపోయింది. జారెడ్ గుండు గీసే మిషను అందుకున్నాడు.

"బోర్డు పీకేస్తున్నారర్రా, షాపు మూసేస్తాడేమో!" అన్నాడు హోయ్ట్.

"సగం ఆట చూసి బ్రాస్‌ఫీల్డ్ మీద కాశావుగా, నీ గుండు కూడా ఇవ్వాళే, వరసలో కూర్చో," అన్నాడు డెల్మర్. అద్దం మాత్రం చూడలేదు. వెండి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఒళ్ళో పడుతుంటే ఒక కుచ్చు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

బయట కారు ఆగింది. బాగా కుంటుతూ కోల్బీ దిగాడు. అమ్మమ్మ భోజనానికి పిలిచింది. డెల్మర్ జారెడ్ మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"వాడు గుండు చూసి అడుగుతాడురా. నా నోటితో చెప్పలేను, నువ్వే చెప్పు. నేనేం లెక్క చెప్పానో అది మాత్రం వద్దు. ఎవరి మీద కాశానో అది చెప్పు, చాలు."