ఇరవై నిమిషాలు ముందుకు జరిపిన గడియారం

దయ్యాల మీద నా అభిప్రాయం ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పూనకం వచ్చిందన్న ఇంటికి వెళ్ళి, జనం మధ్య నిలబడి వాదించినవాణ్ణి. స్నేహితుల పిల్లల మెడలోంచి తాయెత్తులు నా చేత్తో కోసినవాణ్ణి. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇవాళ వెనక్కి తీసుకోవడం లేదు. కానీ కింద రాసేది నా సొంత ఇంట్లో జరిగింది.

డెబ్భైల మొదట్లో మేం లింగంపల్లి స్టేషనుకు పది నిమిషాల నడకలో, ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నేను అక్కడ గుమాస్తాను. నా భార్య సుభద్రది గుడివాడ వైపు. ఎనిమిదో నెల నిండకముందే నొప్పులొస్తే, నగరంలో సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు మూడు పౌన్లు. పిల్లను గాజు పెట్టెలో ఉంచి, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, రెండు గంటలకోసారి తల్లిపాలు పోసేవారు. ఆ గదిలోకి తల్లుల్ని రానివ్వరు. పదో రోజున సుభద్రను ఇంటికి పంపేసి, పిల్లను ఉంచుకున్నారు.

సెలవు పెట్టి నేను పాలు మోసేవాణ్ణి. సుభద్ర పాలు పిండి మరిగించిన సీసాలో పోసిస్తే, ఐసుముక్కల ఫ్లాస్కులో పెట్టుకుని పొద్దున్న బండికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం దాకా గాజు తలుపు బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

పిల్ల ఉన్నట్టుండి ఊపిరి ఆపేసేది. సిస్టరు అరికాలి మీద వేలితో చిటికె కొడితే మళ్ళీ తీసుకునేది. అలా ఆపినప్పుడల్లా పెట్టెకు వేలాడే కాగితం మీద సిస్టరు టైము రాసేది. ఈ సంగతి సుభద్రకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంటి దగ్గర సుభద్రకు, పిండే వేళ కానప్పుడు కూడా, ఉండుండి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. మాకు పెరుగు పోసే మియాపూర్ మల్లమ్మ అది చూసింది.

"నీ బిడ్డ నిన్ను యాది చేస్తుందమ్మా. గప్పుడు పోయి ఎత్తుకోవాలె."

"అంత దూరం నుంచి యాది చేస్తుందా మల్లమ్మా?" అన్నాను.

"నీకేం ఎరుక సారూ. నీకేమన్న చేపుతయా?"

దవాఖాన నుంచి వచ్చాక సుభద్ర నవ్వింది అప్పుడే.

నాకు పట్టుదల వచ్చింది. ఒక నోటుబుక్కిచ్చి, వేళ కాని వేళ పాలు చేపినప్పుడల్లా గోడ గడియారం చూసి టైము రాయమన్నాను. అవతల సిస్టరు రాసిన టైములు నేను జేబు డైరీలో ఎక్కించుకున్నాను. రెండూ పక్కపక్కన పెడితే మల్లమ్మ మాట తేలిపోతుందనుకున్నాను.

మొదటి రోజు పిల్ల పగటిపూట రెండుసార్లు ఊపిరి ఆపింది. పదకొండూ నలభైకి, ఒకటీ ఇరవై అయిదుకి. సుభద్ర పుస్తకంలో ఉన్నవి అవే రెండు. రెండో రోజు మూడుసార్లు. మూడూ కలిశాయి, ఒకదాంట్లో మాత్రం రెండు నిమిషాల తేడా.

భయం వేయలేదు. కోపం వచ్చింది. పిల్ల ఊపిరాపే వేళలు ఒక రోజుకీ ఇంకో రోజుకీ దగ్గరదగ్గరగా ఉంటున్నాయి. సుభద్ర గడియారం చూడగానే ఒళ్ళు అలవాటు చొప్పున చేపుతోందేమో. అదే నిజమైతే గడియారం మార్చగానే లెక్క తప్పాలి. మర్నాడు పొద్దున్న, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, గడియారం ముల్లు ఇరవై నిమిషాలు ముందుకు తిప్పాను. చెప్తే పరీక్ష పాడవుతుందని ఆమెకు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మూడుకు పది నిమిషాలుందనగా పిల్ల ఊపిరి ఆపింది. చిటికెకు కదల్లేదు. డాక్టరు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. ఊపిరి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. "తల్లిని పిలిపించండి, లోపలికి రానిస్తాం," అన్నాడు. క్వార్టర్సులో ఫోను లేదు. నేను వెళ్ళి తీసుకొచ్చేంత వ్యవధి లేదని ఇద్దరికీ తెలుసు. నాలుగూ నలభైకి పిల్ల పోయింది.

ఆరున్నరకి సుభద్ర వరండాలో కనిపించింది. కుట్లు నొప్పెడుతుంటే చేత్తో కడుపు పట్టుకుని, ఎవరూ పిలవకుండా, ఒంటరిగా వచ్చింది. పిల్లను గుడ్డలో చుట్టి అప్పటికే నా చేతికిచ్చారు. ఆమె తీసుకుంది. ఎత్తుకోవడం అదే మొదలు.

"మూడూ అయిదు బండి దొరికుంటే చూసుండేదాన్నండీ," అంది.

మర్నాడు పిల్లను పూడ్చి వచ్చాక నోటుబుక్కు తెరిచాను. ఆమె అక్షరాలతో ఇలా ఉంది: "11.25. 3.10, ఈసారి ఆగడం లేదు, వెళ్ళాలి. కానీ బండి పోయి ఉంటుంది. 3.25, కూత వినబడింది. బండే ఆలస్యంగా వచ్చిందన్నమాట. బయల్దేరి ఉండాల్సింది."

నా డైరీలో పదకొండూ అయిదు, రెండూ యాభై. ఇరవై నిమిషాలు తీసేస్తే రెండూ సరిగ్గా సరిపోయాయి. నిజమైన టైము తెలిసుంటే ఆమెకు స్టేషనుకు నడవడానికి పదిహేను నిమిషాలుండేవి. నాలుగుంబావుకల్లా పిల్ల దగ్గర ఉండేది.

ఆమె చూడకముందే గడియారం సరిచేశాను. నాలుగేళ్ళు నోరు విప్పలేదు. పోయిన నెల చెప్పాను. అప్పుడామె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మిగిలినవన్నీ మడతపెట్టింది.

"ఊళ్ళోవాళ్ళ మూఢత్వం అంతా పేపర్లో రాస్తారు కదండీ," అంది చివరికి. "ఇదీ రాయండి. మీ పేరు పెట్టే రాయండి."

రాశాను. కాకతాళీయం అని నాతో నేను ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఏడుసార్లకు ఏడూ కలిశాయి, ఆ వాదన నిలబడలేదు. దీన్ని మహిమ అనను, ఎవరైనా అంటే ఊరుకోను. కానీ గాజు పెట్టెలో ఊపిరాడని పిల్ల సంగతి లింగంపల్లిలో ఉన్న తల్లి ఒంటికి ఎలా తెలిసిందో, నాకు ఇవాళ్టికీ తెలియదు.