ఎడ్విన్ దొర ఆఖరి డైలాగు

నేను దయ్యాల్ని నమ్మను. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నన్ను భయపెట్టడానికి లెక్కల మాస్టారు చాలు, దయ్యం దాకా ఎందుకు? ఆస్ట్రేలియాకి కూడా సొంత తెలివితో రాలేదు. మా ఆవిడ సునీత నర్సు. ఆవిడ వీసాకి తోకలా వేలాడుతూ తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చి పడ్డాను.

మేముండే పాయింట్ కుక్‌లో తాయెత్తు కట్టుకుని కోడింగ్ చేసే మహానుభావులున్నారు. వాళ్ళని చూసి నవ్వుకునేవాణ్ణి. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నాది వృద్ధాశ్రమంలో కేరర్ పని. ముసలాళ్ళకి స్నానం చేయించడం, గడ్డం గీయడం, తినిపించడం. అక్కడ నా పాలిట పడ్డవాడు ఎడ్విన్. ఇంగ్లండు మనిషి, నాటకాల్లో సినిమాల్లో వేసినవాడు. దొర అనేది నేను తగిలించిన తోక. ఆయన వాలకం అలా ఉండేది మరి.

ఆయన జీవిత చరిత్ర నాకు కంఠతా వచ్చు. రోజూ గడ్డం గీసేటప్పుడు చెప్పేవాడు. కత్తి నా చేతిలోనే ఉన్నా, తప్పించుకోలేనిది మాత్రం నేనే. చిన్నప్పుడు ఊరూరా తిరిగే నాటక కంపెనీలో బల్లెం పట్టుకుని నిలబడ్డాడట. తర్వాత లండన్ స్టేజీ. ఆ తర్వాత సినిమాలు. సినిమాల్లో ఈయన ప్రతిభ ఏమిటయ్యా అంటే, చచ్చిపోవడం. విషం తాగి, తూటా తగిలి, రైల్లోంచి ఎవడో తోసేస్తే పడి. ఇంటర్వెల్ దాకా బతికిన సినిమా ఒక్కటి చెప్పండి దొరా అంటే మొహం మాడ్చుకునేవాడు. నాటకం ఆడ్డానికి మెల్‌బోర్న్ వస్తే వచ్చిన కంపెనీ కాస్తా మూతపడింది. ఇక్కడే పెళ్ళి చేసుకుని, టీవీ సీరియళ్ళలో జడ్జి వేషాలేసి బతికాడు.

ఆయనంటే నాకు గౌరవం లేదు, నేనంటే ఆయనకీ లేదు. నేను పెట్టిన టీ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందనేవాడు. నా ఇంగ్లీషు దిద్దేవాడు. కట్టుడు పళ్ళు పెట్టుకోకుండా నోరు విప్పేవాడు కాదు. పళ్ళు లేకపోతే మాటంతా గాలైపోయి, పసిపిల్లాడి ముద్దమాటల్లా వచ్చేది. అది ఎవరూ వినకూడదట.

ఒకసారి మా తెనాలి నాటకాల సంగతి చెప్పాను. యుద్ధంలో చచ్చిపడ్డ రాజుని జనం వన్స్ మోర్ అని అరిస్తే లేచి నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడి చస్తాడని. దొర అసహ్యంగా చూశాడు. సరిగ్గా చచ్చినవాణ్ణి మళ్ళీ లేవమనడానికి ఎవరికీ మనసొప్పదన్నాడు. మీకెవరూ వన్స్ మోర్ కొట్టలేదు, అదీ మీ బాధ అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు హాయిగా గడిచింది.

ఆయనకో కూతురుంది, క్లేర్. పెర్త్‌లో ఉంటుంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు ఈయన అడిలైడ్‌లో నాటకమాడుతున్నాడు. వెంటనే రమ్మని కబురొస్తే, ఆట అయ్యాక వస్తానన్నాడట. ఆవిడ ఆగలేదు. అప్పట్నుంచి కూతురు తండ్రితో మాట మానేసింది. ఇప్పుడు ఈయన ఊపిరితిత్తులు పాడై రోజులు దగ్గరపడ్డాయని మా మేనేజరు ఫోన్ చేస్తే, వస్తానంది.

ఇక మొదలైంది రిహార్సలు. కూతురితో చెప్పాల్సింది ఒక్కటే ముక్క. "క్లేర్, మీ అమ్మ దగ్గర నేనుండాల్సింది." దాన్నే రాజులా ఓసారి, గొంతు వణికిస్తూ ఓసారి, కళ్ళు పైకెత్తి ఓసారి. ఏది బాగుందని నన్నడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. కన్నకూతురికి క్షమాపణ చెప్పుకోడానికి కూడా వేషమా?

"అన్నీ దొంగవే దొరా," అన్నాను.

చేతిలోని అద్దం బోర్లించాడు. తర్వాత, "నాకు ఇంకోలా మాట్లాడ్డం రాదు," అన్నాడు.

ఆమె వచ్చే రోజు పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆయాసం ఎక్కువైతే పళ్ళు తీసి గ్లాసులో వేశాం. విమానం దిగి టాక్సీ ఎక్కానని క్లేర్ ఫోన్ చేసింది. రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్. ఆమె ఆ ట్రాఫిక్‌లో ఉండగానే ఈయన పోయాడు. మా నర్సు మేరీ నాడి చూసింది, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది, కళ్ళలోకి లైటు కొట్టి చూసింది. పోయాడు. అందులో అనుమానం లేదు.

తల దువ్వుతుంటే నాకు జాలి రాలేదు, కోపమొచ్చింది. సినిమాల్లో డైరెక్టరు చెప్పేదాకా ఆగి చచ్చేవాడు, కూతురు కోసం కాసేపు ఆగలేకపోయాడు. దువ్వెన పక్కన పెడుతూ, వెటకారంగానే, "వన్స్ మోర్, దొరా," అన్నాను.

"క్లేర్, మీ అమ్మ దగ్గర నేనుండాల్సింది."

రాజు గొంతు కాదు, వణుకుడు గొంతూ కాదు. ఉత్త ముసలాడి గొంతు. అన్ని రోజుల రిహార్సల్లో అది ఒక్కసారీ వినలేదు. ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. పెదవులు కదిలాయా అంటే చెప్పలేను, నేను దువ్వెన వంక చూస్తున్నాను. మేరీ చేతిలోని తువ్వాలు కింద పడింది.

"విన్నాను నాన్నా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. తిరిగి చూస్తే గుమ్మంలో ఒకామె, చేతిలో బ్యాగు. క్లేర్.

ఆమె వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, ఇంత చల్లగా ఉందేమిటని అడిగింది. ఆయన పోయి చాలాసేపైందని మేరీ మెల్లగా చెప్పింది. మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది క్లేర్. ఇప్పుడే కదా మాట్లాడాడు అంది. మేరీ మళ్ళీ స్టెతస్కోపు పెట్టింది. ఏమీ లేదు.

గదిలో టీవీ ఆపేసి ఉంది. ఆయనకి ఫోనూ లేదు, రేడియో లేదు. పళ్ళు గ్లాసులోనే ఉన్నాయి.

మా వీధి మేధావుల్ని అడిగాను. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొస్తే చప్పుడవుతుందన్నాడొకాయన. అవుతుంది బాబూ, ఈ పనిలో నేనూ విన్నాను, మూలుగులా ఉంటుంది. కూతురి పేరు పెట్టి పిలవదు. ఇంకొకాయన శాంతి చేయించమన్నాడు. ఎవరికో ఆయనకే తెలీదు. దయ్యాల్ని నేనిప్పటికీ నమ్మను. ఆ మాట వినలేదని మాత్రం అనలేను. అదేమిటో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు.

ఆ సాయంత్రం సునీతకి అంతా చెప్పి, నేను పిలిస్తేనే లేచాడు చూశావా అని కాస్త గొప్పలు పోయాను. ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

"నువ్వు పిలిస్తే మేడ మీదున్న మన పిల్లాడే దిగిరాడు. చచ్చినాయన లేస్తాడా? గుమ్మంలోకి కూతురొచ్చింది, పలికాడు."