ఎండకు ఆగని జిగురు

మొన్న మా పక్కింటావిడ బోనం కుండకు గ్లూ గన్‌తో అద్దాలు అతికిస్తోంది. కరిగిన మైనానికీ కాలిన ప్లాస్టిక్‌కూ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే ఎస్తేరక్క గుర్తుకొచ్చింది. ఏ ఉద్యోగానికీ అతకని నన్ను తీసుకొచ్చి అతికించే పనిలో పెట్టింది ఆమే.

లాల్‌దర్వాజాలో అద్దె ఇంటి ముందుగది ఆమె కార్ఖానా. ప్రభుత్వ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి, బయటికొచ్చాక బాణాలు కూర్చే పని పెట్టుకుంది. ఆమె, ఇద్దరు ఆడవాళ్లు, నేను. మన దగ్గర వేట నిషేధం కాబట్టి మేం చేసే వెడల్పు ములుకుల వేట బాణాలన్నీ పైదేశాలకు పోయేవి. ఆర్డర్లు తెచ్చేది హుస్సేనీ ఆలంలో టోకు వ్యాపారం చేసే గోవింద్ సేఠ్.

చెప్పుకుంటే పని చిన్నదే. బాణం కొసన ఉండే ఇనప ములుకు అడుగు బోలుగా ఉంటుంది. దాన్ని అడాప్టర్ అనే చిన్న అల్యూమినియం ముక్కకు తొడిగి, మంటకు కరిగే కడ్డీ జిగురుతో అతికించాలి. అడాప్టర్ రెండో కొసకు మరలుంటాయి, వాటితో అది బాణం కర్రలోకి బిగుసుకుంటుంది. మొదటిరోజు నేను తెలివిగా అడాప్టర్‌ను ముందే కర్రకు బిగించి, అట్లాగే మంట మీద పెట్టబోయాను.

"ఏయ్ శీనూ, ఆగు! కార్బన్ కర్ర గది. వేడికి లోపల్నే పాడైతది, పైకి కనబడది. అడాప్టర్ ఇప్పి, వట్టి దాన్నే కాల్చు."

"ఇప్పినంక పట్టుకునుడెట్ల అక్కా? చెయ్యి కాలదా?"

"పటకారెందుకున్నది మరి, నీ జుట్టు దువ్వేతందుకా?"

చుక్క వేస్తే క్షణంలో పట్టేసే జిగురు బజారంతా దొరుకుతుంటే ఈ మంటెందుకని అడిగాను. "గది పట్టుకుంటది గని, దెబ్బ తగిలితే పలిగిపోతది. ములుకు వంకర కూసుంటే మళ్ల సక్క జేసే దారి లేదు. కడ్డీ జిగురుకు జర వేడి చూపిస్తే వదుల్తది, తిప్పి కూసోబెట్టొచ్చు," అంది. అతికించాక బాణాన్ని ములుకు మొన మీద నిలబెట్టి గిర్రున తిప్పేది. ఆమెవి నిలకడగా తిరిగేవి. నావి పోతరాజులా ఊగిపోయేవి. మళ్లీ కాచి, మళ్లీ తిప్పి, వేళ్లకంటిన జిగురు గీక్కుంటూ కూర్చునేవాణ్ని. ములుకుల కన్నా నా వేళ్లే గట్టిగా అతుక్కునేవి.

ఆ ఎండాకాలం పెద్ద ఆర్డరొచ్చింది. ఈ సరుకు నచ్చితే ఏడాదంతా పని. నచ్చకపోతే నలుగురికి సరిపడా పని ఉండదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. సాయంత్రం సరుకు పోవాలనగా, ఎస్తేరక్క కొన్ని బాణాలు రేకు పెట్టెలో వేసి మూతపెట్టి, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఉంచింది. కొత్త జిగురు వచ్చిన ప్రతిసారీ ఆమె చేసే పనే అది. గంట తర్వాత వేడివేడిగానే తీసి లాగితే ములుకులు చేతిలోకి ఊడివచ్చాయి. ఈసారి వచ్చిన కడ్డీలు మెత్తవి. గట్టి రకం తెప్పించాలంటే వారం దాటుతుంది.

"కరెంటు లేక పని ఆగిందని సేఠ్‌కు ఫోన్ కొట్టు అక్కా," అన్నాను.

ఆమె నావైపు చూసి, రేకు పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది. హుస్సేనీ ఆలంలో సేఠ్ దుకాణం దాకా నేను వెనకాల నడిచాను.

"ఆయియే అమ్మా, కూసో," అన్నాడు సేఠ్.

ఆమె కూర్చోలేదు. "మాల్ ఇయ్యాల పోదు సేఠ్. జిగురు ఎండకు ఆగుతలేదు," అని అతని ముందే ఒక ములుకు లాగి బల్ల మీద పెట్టింది.

"అరే, ఆడ మంచు పడ్తదమ్మా! ఫికర్ ఎందుకు?"

"ఆడిదాంక పోయే పెట్టెల మంచు పడ్తదా? ములుకు జారి ఎవలిదన్న చెయ్యి తెగితే?"

"గట్లైతే ఆర్డర్ ఇంకొకలకిస్త."

"ఇయ్యి. గీ కడ్డీ మాత్రం కొనొద్దని చెప్పు వాళ్లకు."

ఆర్డర్ పోయింది. తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా గౌలిపురలో మా ఇంటికి వచ్చింది. అమ్మ కుర్చీ వేస్తే వద్దంది. "శీనూ, వచ్చే నెల సంది నీకు పని లేదు. ముగ్గురికే సరిపోతది. నీ చెయ్యి ఇంకా కుదురలే, గందుకే నువ్వు. కోపముంటే ఇప్పుడే తిట్టు, వింట." తిట్లు నోటిదాకా వచ్చాయి, బయటికి రాలేదు. ఆ రాత్రంతా వాటిని నేనే నమిలాను.

ఇప్పుడు నేనొక ప్యాకింగ్ గోదాంలో సూపర్‌వైజర్ని. ఈ మధ్య ఒకతన్ని పనిలోంచి తీసేయాల్సి వస్తే, ఫోన్‌లో మెసేజ్ పెడితే చాలన్నారు ఆఫీసువాళ్లు. మెసేజ్ టైప్ చేసి, చెరిపి, అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గడప దగ్గరే నిలబడి ఎందుకు తీసేస్తున్నామో, ఎప్పటినుంచి పని ఉండదో చెప్పి, "కోపముంటే తిట్టు," అన్నాను. అతను నాలా మొహమాటపడే రకం కాదు. ఆనాడు నేను ఎస్తేరక్కను తిట్టలేకపోయిన తిట్లన్నీ వీధికి వినబడేలా తిట్టాడు. అయిపోయేదాకా నిలబడి విన్నాను.