మెత్తబడని వయొలిన్లు

కళ్ళద్దాల దుకాణంలో రోజంతా ఫ్రేములు బిగించే ఆయనకు కోపం ముందు చెవుల్లోకి వస్తుంది. అవి ఎర్రబడ్డాయంటే భార్య గొంతు తగ్గిస్తుంది. సెలవు రోజున బీరువాకీ మంచానికీ మధ్య కుర్చీ ఇరికించుకుని, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికిన వాద్యాలతో, వందమంది కలిసి వాయించినట్టుండే సినిమా సంగీతం కడతాడు. ఉచితం గనక ఆ వయొలిన్లను ఎవరో గట్టిగా వాయిస్తుండగానే రికార్డు చేసి వదిలేశారు. మెల్లగా పలకడం వాటికి రాదు. ఒక్కో స్వరాన్నీ పట్టుకుని, మౌస్‌తో దాని శబ్దం గీత కిందికి లాగి, పసిపిల్లను జోకొట్టినట్టు అణుస్తాడు. భుజం పట్టేస్తుంది. "ఊరికే వచ్చినదానికి ఇంత చాకిరీనా" అని భార్య అంటే, "నీ తమ్ముడి కోసమే" అని విసుక్కుంటాడు.

బావమరిది తీసిన షార్ట్ ఫిల్మ్‌లో తల్లి కన్నుమూసే ఘట్టానికి నెల్లాళ్ళు అలా అణిచాడు. బంధువులంతా కూర్చున్న ముందుగదిలో, టీవీలో ఆ ఘట్టం రాగానే వయొలిన్లు గొంతు చించుకున్నాయి.

"ఎవర్రా సౌండు పెంచింది?"

"నేనే బావా. వినబడట్లేదని మొత్తం పైకి లేపేశా. వాయించేది కంప్యూటరే కదా, దానికేం నొప్పి?"

అందరూ నవ్వారు. ఆయన లేచి టీవీ కట్టేశాడు.

"నా పేరు తీసెయ్."

బావమరిది నసిగాడు. "పేరు వెయ్యలేదు బావా. ఎవరూ వాయించలేదు కదా అని..."

ఆయన నల్లటి తెరకేసి వేలు చూపించాడు.

"అయితే ఇప్పుడు వెయ్యి. పెద్దక్షరాలతో వేసి, అడ్డంగా కొట్టెయ్. నేను ఒప్పుకోలేదని చూసేవాళ్ళకి తెలియాలి."