డబ్బా వెనక్కి తీసుకున్న తాత

నల్లా తెల్లా తేడా లేకుండా అందరం మొదటిసారి ఓటు వేయబోతున్న రోజులవి. మా ఊరు అవోకా వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన తన అన్నం డబ్బా నా ఒళ్లో పెట్టాడు.

"తిను అమ్మాడూ, ఇంట్లో కట్టిచ్చారు. నాకు హార్ట్ జబ్బు. శనివారం గోవిందా ఉపాసం ఇప్పుడు రోజూ ఉంటన్నా. గంజే తాగతా." వదులైన బెల్టు గర్వంగా చూపాడు.

లైబ్రరీలో చదివింది చెప్పే అవకాశం నేను వదలను. "కొవ్వు తగ్గించాలి గాని తిండి మానకూడదు తాతా. ఇలా చిక్కిపోతే గుండె తట్టుకోలేదు."

"ఓటు దాకా ఉంటానా మరి?"

"తినకపోతే ఓటు క్యూలో నిలబడలేరు."

నా ఒళ్లోంచి డబ్బా వెనక్కి తీసుకున్నాడు. "అయితే నీకు లేదు పో," అని బీన్స్ కూర కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఓటు రోజు మా క్యూలో ఆయన కనబడలేదు. అవోకాలో ఇంకో క్యూ ఉందని ఎవరో అన్నారు. అందులోనే ఉన్నాడని ఇప్పటికీ అనుకుంటాను.