నీళ్లున్న బోరు

భూమి వేడెక్కకుండా పొగ తగ్గిస్తామని దేశాలు ఒప్పందం రాసుకున్నాయట. ధర్మవరం బస్సులో ఆ వార్త పైకి చదివి, "మాట తప్పితే అడిగేదెవరు?" అని నవ్వాను.

పక్క సీటులోని ముసలి రైతు నవ్వలేదు.

"తాగే నీళ్లకు కరువొస్తాదని, వరి నాటగూడదని మా ఊర్లో అందరం అనుకుంటిమి. కాగితమేమీ లేదు. నీళ్లుండేది నా బోర్లోనే. మూడేండ్లాయ, ఒక్క మడి నాటలేదు."

"రేపు పక్కవాళ్ల బోర్లలోనూ నీళ్లు పడి, వాళ్లు నాటితే?"

"నాటనీ. మాటిచ్చింది నేను గదప్పా."

డబ్బా మూత తీసి, కొర్రన్నం ముద్ద ఒకటి నా చేతిలో పెట్టాడు. బత్తలపల్లెలో దిగిపోయాడు.

ఒప్పందాలకు కట్టుబడేదెవరని ఇప్పటికీ జనం నవ్వుతుంటారు. మా అనంతపురం వైపు ఒకాయన ఉన్నాడని చెబుతాను.