కరెంటు ఉంది, రాజమణి లేదు

వంటింట్లో అల్లం చాయ్ పొంగుకొస్తోంది. హాల్లోంచి సినిమా పాట, దాని వెనకే పిల్లల నవ్వు. ఏ సీనుకు నవ్వారో నాకు తెలియదు. గోడకివతల నిలబడి ఇలా చెవులతో సినిమా చూడాల్సి వచ్చినప్పుడల్లా ఖైరున్ ఆపా గుర్తుకొస్తుంది.

ఎనభైల్లో మేము బోధన్‌లో ఉండేవాళ్లం. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమాస్తా. పక్కింట్లో ఖైరున్ ఆపా దూది రజాయిలు కుట్టేది, నాకంటే పదేళ్లు పెద్ద. గల్లీ అంతటికీ ఆమె ఆపా, అంటే అక్క. నెలకోసారి ఇద్దరం మ్యాట్నీకి వెళ్లేవాళ్లం. ఆట రెండింటికి మొదలు. మా ఆయన భోంచేసి మళ్లీ డ్యూటీకి బయలుదేరేదీ రెండింటికే. గిన్నెలు కడిగి పరుగెత్తేసరికి హాల్లో చీకటి. తెరమీద పేర్లు పడటం ఏనాడూ చూడలేదు. కథలు మధ్యలోనే మొదలవుతాయేమో అనిపించేది. ప్రతిదీ రాసిపెట్టడం నాకు అలవాటు. నోటుబుక్కులో తేదీ, హాలు, సినిమా పేరు, చివరి గడిలో ఎన్ని నిమిషాలు పోయాయో రాసేదాన్ని. ఒకరోజు ఆపా ఆ గడి ఏమిటని అడిగింది. చెప్పాను.

“ఇరవై, ఇరవై అయిదు, ముప్పై... ఒక్క సున్నా సుత లేదేందే? మంచిగ రాసుకుంటె ఏమొస్తది రాజమణీ? పోయింది తెచ్చుకోవాలె.”

ఆ నెల చూసిన సినిమాలో ఒక అన్న, జైలు నుంచి వచ్చి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. ఆటంతా వాణ్ణి తిట్టుకుంటూ చూశాను. ఆట అయ్యి అందరూ లేచారు. నేనూ లేచాను. ఆపా నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. గేటు దగ్గరి మనిషి వచ్చాడు.

“ఆపా, ఆట అయిపోయింది. లెవ్వుండ్రి.”

“నీకు అయిపోయింది. మాకు షురువే కాలే. మేం రాకముందు ఏమైందో సూశి పోతం.”

“ఫస్ట్ షోకు జనం వస్తరు గదా!”

“రానీ. కుర్సీలు వాళ్లకే ఇస్తం. గోడకు నిలవడతం. మీ గోడ అరుగుతదా?”

అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. గంటకు పైగా ఖాళీ హాల్లో పల్లికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. తర్వాత ఆడవాళ్ల వైపు గోడకానుకుని మొదటి ఇరవై రెండు నిమిషాలు చూశాం. ఆ అన్న తమ్ముడి తప్పు తన మీద వేసుకుని జైలుకు పోయాడట! నేను తిట్టింది ఆ మనిషినా? సిగ్గేసింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది, ఇన్నేళ్లూ నాకు మొదలు లేకుండా పోయినందుకు.

ఇంటికొస్తే మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. “గింతసేపు ఏం సూశినవ్?”

“మొదలు,” అన్నాను. పెళ్లయ్యాక తల దించకుండా ఆయనకిచ్చిన మొదటి జవాబు అదే.

తర్వాత వీసీఆర్లు వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ఒకటి కిరాయికి తెచ్చాడు. ఆయన, దోస్తులు కుర్చీల్లో. ఆపా, నేను ఆ వీసీఆర్ మిషను పక్కన చాప మీద. “రాజమణీ, నీళ్లు” అని కేక. నేను వంటింట్లో అడుగుపెట్టానో లేదో, సినిమా చప్పుడు ఆగిపోయింది.

“కరెంటు పోయిందా?” అన్నాడు ఒక దోస్తు.

“కరెంటు ఉంది, రాజమణి లేదు,” అంది ఆపా, మీట మీద వేలు పెట్టుకుని.

“ఏమైందో నేను తర్వాత సెప్త తియ్యి ఆపా,” అన్నాడు మా ఆయన.

“ఇన్నేండ్లు ఇనుడే అయింది. ఆమె సూడనీకె కూసుంది.”

నేను వచ్చి కూర్చున్నాకే బొమ్మ కదిలింది. ఆ రోజు ఆరుసార్లు అలా ఆగింది. ఏడోసారి మా ఆయన గొణుక్కుంటూ నీళ్లకు తనే లేచాడు. ఆపా అప్పుడూ ఆపింది. “నువ్వు సుత సూడాలె గదా భాయ్.”

గల్లీలో ఆమెను మొండిదన్నారు. మొండిదే. ఆ మొండితనం నాకు అంటించి పోయింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి నా నోటుబుక్కు చివరి గడిలో వరుసగా నూట పన్నెండు సున్నాలున్నాయి.

“అవ్వా, చాయ్ అయిందా?” మనవరాలి కేక. పొయ్యి ఆర్పాను. గ్లాసులు తీయకుండానే హాల్లోకి వెళ్లి రిమోట్ అందుకుని బొమ్మ ఆపాను.

“ఏమైందే అవ్వా?”

“నేను లేను గదా. పదకొండు నిమిషాలు ఎనక్కి తిప్పు. చాయ్ పొయ్యి మీద ఉంది, ఎవలది వాళ్లు పోసుకొని రాండ్రి. అందరు వచ్చేదాంక ఆగుతది.”